బరువు తగ్గించే ఆపరేషన్‌కి సర్జన్‌ని ఎలా ఎంచుకోవాలి? హైదరాబాద్ వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నాకు స్లీవ్ ఆపరేషన్ (జీర్ణాశయంలో చాలా భాగం తీసేసేది) జరిగి నాలుగేళ్లు దాటింది. అప్పుడు నా బరువు 108 కిలోలు. షుగర్, మోకాళ్ల నొప్పులు, ఇంటిల్లిపాదినీ నిద్ర లేపే గురక. ఇప్పుడు 76 దగ్గర ఉన్నాను. కూకట్‌పల్లిలో ఒక స్కూల్లో పాఠాలు చెబుతాను. మొదట మా స్టాఫ్‌రూమ్‌లో వాళ్లు అడిగారు, తర్వాత పిల్లల తల్లులు, ఆ తర్వాత వాళ్ల చుట్టాలు. ఇప్పుడు ఖమ్మం నుంచి, కర్నూలు నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి. అందరూ అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు కాబట్టి ఇలా రాసిపెట్టాను.

నేను డాక్టర్‌ని కాను. ఆపరేషన్‌కి ముందు ముగ్గురు సర్జన్లను కలిశాను. అంతకు ఏడాది ముందే మా చిన్నాన్న కొడుకు ఇదే ఆపరేషన్ వేరేచోట చేయించుకుని చాలా ఇబ్బంది పడ్డాడు. ఆ సంగతి కింద ఒకచోట చెప్తాను. వాడి పక్కన కూర్చున్న రోజుల్లోనే, సర్జన్‌ని ఏమేం అడగాలో నాకు తెలిసొచ్చింది.

నాకు అసలు ఆపరేషన్ అవసరమా? ఆ మాట సర్జనే చెప్పాలా?

మొదటి లెక్క ఇంట్లోనే వేసుకోవచ్చు. బరువు కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించండి. నా ఎత్తు 158 సెంటీమీటర్లు. 108ని 1.58తో భాగిస్తే 68.35, దాన్ని మళ్లీ 1.58తో భాగిస్తే 43.3. అదే బీఎంఐ.

చాలాకాలం అందరూ 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దునే పాటించారు. బీఎంఐ 40 దాటితే, లేదా 35 దాటి షుగర్, బీపీ లాంటి జబ్బులుంటే ఆపరేషన్ అని. 2022లో ఈ ఆపరేషన్లు చేసే అమెరికా సర్జన్ల సంఘం, అంతర్జాతీయ సంఘం ఇఫ్సో కలిసి దాన్ని మార్చాయి. 35 ఉంటే వేరే జబ్బు లేకపోయినా సిఫారసు చేయొచ్చని, షుగర్ లాంటివి ఉంటే 30 నుంచే ఆలోచించవచ్చని అన్నాయి. మన ఆసియా వాళ్లకి హద్దు ఇంకా తక్కువ, ఎందుకంటే అంతే బీఎంఐకి మనకి పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువ చేరుతుంది, షుగర్ తొందరగా వస్తుంది. మన దేశంలో చాలామంది సర్జన్లు 1991 నాటి పాత హద్దుల్లోంచి రెండున్నర తగ్గించి, జబ్బులుంటే 32.5, లేకపోతే 37.5 అనే లెక్క చూస్తారు.

అయితే లెక్క సరిపోయినంత మాత్రాన ఆపరేషన్ చేయించుకోవాలని కాదు. సర్జన్ కంటే ముందు ఒక ఎండోక్రైనాలజిస్టుని, అంటే హార్మోన్ల డాక్టర్ని, కలవండి. థైరాయిడ్, కార్టిసాల్ హార్మోన్ల తేడాలు, వాడే మందులు కూడా బరువు పెంచుతాయి. అవేమీ అడక్కుండా కుర్చీలో కూర్చోగానే "స్లీవ్ చేసేద్దాం" అన్న సర్జన్ దగ్గరికి నేను రెండోసారి వెళ్లలేదు.

ఇదీ లైపోసక్షనూ ఒకటేనా?

కాదు. ఈ ప్రశ్న ఇంకా వస్తూనే ఉంది. 2015లో నటి ఆర్తి అగర్వాల్ అమెరికాలో చనిపోయినప్పుడు వార్తల్లో వచ్చింది లైపోసక్షన్ గురించి. అది చర్మం కింద కొవ్వు తీసే పని, చేసేది ప్లాస్టిక్ సర్జన్లు. మనం మాట్లాడుకుంటున్నది పొట్ట లోపల, జీర్ణాశయం మీద చేసే ఆపరేషన్. దీన్ని బేరియాట్రిక్ సర్జరీ అంటారు. రెండూ చేస్తామని ఒకే బోర్డు మీద రాసి ఉంటే, మీకు చేసేది ఎవరో పేరు పెట్టి అడగండి.

పేరు వెనక ఇన్ని అక్షరాలుంటాయి కదా, ఏవి చూడాలి?

ముందుగా చూడాల్సింది ఎంబీబీఎస్ తర్వాత ఎంఎస్ జనరల్ సర్జరీ, లేదా దానికి సమానమైన డీఎన్‌బీ. అది మూడేళ్ల చదువు. కొందరు ఆ తర్వాత జీర్ణకోశ ఆపరేషన్ల చదువైన సర్జికల్ గ్యాస్ట్రోఎంటరాలజీలో ఎంసీహెచ్ చేస్తారు, అది మరో మూడేళ్లు. ఎంసీహెచ్ ఉంటే మంచిదే. కానీ ఎంఎస్ చదివి పదిహేనేళ్లుగా బేరియాట్రిక్ పనే చేస్తున్నవాళ్లు, ఎంసీహెచ్ చదివి ఏడాదికి నాలుగే చేసేవాళ్లకంటే నయం.

ఇక ఎఫ్‌ఎంఏఎస్, ఎఫ్‌ఐఏజీఈఎస్ లాంటివి. ఇవి లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) సంఘాలు కొద్దిరోజుల కోర్సు, పరీక్ష పెట్టి ఇచ్చేవి. తప్పేం లేదు, కానీ వీటి బరువు మూడేళ్ల డిగ్రీతో సమానం కాదు. "ఫెలోషిప్" అని కనిపిస్తే ఎక్కడ చేశారు, ఎన్ని నెలలు చేశారు అని అడగండి. ఏడాది పాటు ఒక పెద్ద సర్జన్ దగ్గర నిలబడి నేర్చుకున్నవాళ్లు ఆ విషయం ఇష్టంగా చెప్తారు. నాకు ఆపరేషన్ చేసినాయన అడగకముందే చెప్పారు.

రిజిస్ట్రేషన్ నంబర్ మందుల చీటీ మీదే ఉండాలి. తెలంగాణ మెడికల్ కౌన్సిల్ దగ్గర సరిచూసుకోవచ్చు. రాష్ట్రం విడిపోకముందు రిజిస్టరైన వాళ్ల వివరాలు ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్ రికార్డుల్లో ఉండొచ్చు, కంగారుపడొద్దు.

ఎన్ని ఆపరేషన్లు చేసి ఉండాలి?

ఫోన్ చేసిన ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్న ఇదే. జవాబు కొంచెం పెద్దది.

సంఖ్యకి విలువ ఉంది. లాప్రోస్కోపీలో బైపాస్ (గుండెది కాదు, జీర్ణాశయంలో చిన్న సంచి చేసి పేగుకి కలిపేది) చేయడానికి చేయి తిరగాలంటే 75 నుంచి 100 కేసులు పడతాయని సర్జన్లే అంటారు. అమెరికాలో ఆసుపత్రులకి పూర్తి స్థాయి గుర్తింపు ఇచ్చే కార్యక్రమం ఏడాదికి కనీసం 50 ఆపరేషన్లు ఉండాలని పెట్టుకుంది. అంటే వారానికి ఒకటి. మన దగ్గర కూడా వారానికి ఒకటైనా చేసే చేతుల్లో ఉంటే నయం అని నా అభిప్రాయం.

కానీ "వేల సర్జరీలు చేశాం" అన్న మాటలో చాలా కలిసిపోయి ఉంటాయి. గాల్‌బ్లాడర్లు, హెర్నియాలు, ఆసుపత్రిలో మిగతా సర్జన్లు చేసినవి. అందుకని ప్రశ్న ఇలా అడగండి: "పోయిన ఏడాదిలో మీ చేత్తో చేసిన స్లీవ్‌లు ఎన్ని, బైపాస్‌లు ఎన్ని సార్?"

దాని వెంటనే ఇంకో ప్రశ్న: "మీ పేషెంట్లలో ఎంతమందికి లీక్ అయింది? అయినప్పుడు ఏం చేశారు?"

లీక్ అంటే ఏమిటో చెప్తాను. స్లీవ్‌లో జీర్ణాశయాన్ని నిలువుగా కోసి, 75 నుంచి 80 శాతం దాకా తీసేస్తారు. మిగిలింది అరటికాయంత సన్నని గొట్టం. కోసిన అంచుని చిన్న చిన్న లోహపు పిన్నులతో స్టేపుల్ చేస్తారు. ఆ కుట్టు వరసలో ఎక్కడైనా తెరుచుకుంటే లోపలి రసాలు కడుపులోకి కారతాయి. మంచి సెంటర్లలో ఇది వందలో ఒకరికి, అంతకన్నా తక్కువమందికి అవుతుంది. ఆపరేషన్ వల్ల ప్రాణం పోయే ప్రమాదం అక్కడ సుమారు వెయ్యికి ఒకటి. గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌కి దరిదాపుల్లోనే ఉంటుంది.

నేను ఇదే అడిగినప్పుడు మొదటి సర్జన్ నవ్వి, "మా దగ్గర అలాంటివి జరగవమ్మా" అన్నారు. మూడో ఆయన నా ఓపీ చీటీ వెనక్కి తిప్పి, చిక్కుడుకాయలాంటి బొమ్మ గీశారు. పైన అన్నవాహిక వచ్చి కలిసే చోట పెన్నుతో రెండుసార్లు చుట్టి, "అయితే ఎక్కువగా ఇక్కడవుతుంది. నాకు నాలుగు అయ్యాయి. ముగ్గురు స్టెంట్‌తో, డ్రెయిన్‌తో బయటపడ్డారు. ఒకరికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సొచ్చింది" అన్నారు. ఎన్నిట్లో నాలుగో కూడా చెప్పారు. స్టెంట్ అంటే లీకైన చోటుని లోపల్నుంచి మూసే గొట్టం, డ్రెయిన్ అంటే కారిన రసాలని బయటికి తీసే ట్యూబు. ఆ చీటీ ఇప్పటికీ నా ఫైల్లో ఉంది. నాకు ఆ రోజే ధైర్యం వచ్చింది. మా ఆయనకి మాత్రం ఆ రోజే టెన్షన్ మొదలైంది.

వందల ఆపరేషన్లు చేసి ఒక్క లీకూ చూడలేదంటే రెండే అర్థాలు. లెక్క పెట్టుకోవట్లేదు, లేదా మనకి చెప్పట్లేదు.

ఆపరేషన్ ఆయనే చేస్తారా, అసిస్టెంట్లు చేస్తారా?

నేరుగా అడగండి, తప్పుగా ఏమీ అనుకోరు. అసిస్టెంట్లు కెమెరా పట్టుకోవడం, పైపైన కుట్లు వేయడం మామూలే. స్టేప్లర్ ఎవరి చేతిలో ఉంటుందన్నదే మనకి ముఖ్యం. సంతకం పెట్టమని ఇచ్చే కన్సెంట్ కాగితంలో సర్జన్ పేరు రాసి ఉందో లేదో చూడండి. నాకు ఇచ్చిన కాగితంలో ఆ జాగా ఖాళీగా ఉంది. నర్సమ్మని పిలిచి రాయించాకే సంతకం పెట్టాను.

నేను కలిసిన డాక్టర్ అందరికీ స్లీవే చేస్తారట. పర్లేదా?

నాకైతే అనుమానమే. ఒక్క ఆపరేషనే వచ్చినవాళ్లకి వచ్చిన ప్రతి పేషెంటూ ఆ ఆపరేషన్‌కే సరిపోయినట్టు కనిపిస్తారు.

స్లీవ్ తేలిక, పేగుల జోలికి పోదు. కానీ ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు ఎక్కువగా ఉన్నవాళ్లకి అది ఇంకా పెరగొచ్చు. అలాంటివాళ్లకి రూ-ఎన్-వై బైపాస్ మేలంటారు. అందులో జీర్ణాశయం పైభాగంలో 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి చేసి, దాన్ని పేగుకి కలుపుతారు. షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లకీ బైపాస్‌తో ఫలితం ఎక్కువ. మినీ బైపాస్ అని ఇంకొకటుంది, అందులో రెండు అతుకుల బదులు ఒకటే. అయితే కొందరికి పైత్యరసం పైకి ఎగదన్నుతుంది. బైపాస్‌లన్నిట్లోనూ విటమిన్లు, ఐరన్ తగ్గే సమస్య ఎక్కువ. జీవితాంతం మాత్రలు మింగాలి.

కాబట్టి ఏది చేయాలో తేల్చేముందు ఎండోస్కోపీ చేయించాలి. ఛాతీలో మంట గురించి, సిగరెట్ గురించి, నొప్పి మాత్రల అలవాటు గురించి అడగాలి. బైపాస్ తర్వాత పొగ తాగినా, నొప్పి మాత్రలు మింగినా అతుకు దగ్గర పుండు పడుతుంది. మోకాళ్ల నొప్పులకి రోజూ మాత్ర వేసుకునే మన అమ్మల్లాంటివాళ్లకి ఇది చిన్న విషయం కాదు. "నాకు ఇదే ఎందుకు, అది ఎందుకు కాదు?" అని అడిగితే, మీ రిపోర్టులు చూపించి జవాబు చెప్పగలగాలి.

రోబోతో చేస్తే మంచిదా?

బిల్లు పెరుగుతుంది. సర్జన్‌కి చేయి తిప్పడం సులువవుతుంది, మరీ ఎక్కువ బరువున్నవాళ్లకి, రెండోసారి ఆపరేషన్‌కి పనికొస్తుందంటారు. మామూలు స్లీవ్‌కి రోబో ఉందని సర్జన్‌ని మార్చుకోవద్దు.

సర్జన్ ముఖ్యమా, ఆసుపత్రి ముఖ్యమా?

సగం సగం. సోమాజిగూడ, బంజారాహిల్స్ నుంచి గచ్చిబౌలి దాకా ఒకే సర్జన్ రెండు మూడు ఆసుపత్రుల్లో చేయడం మన ఊళ్లో మామూలే. అదే చెయ్యి, కానీ రాత్రి డ్యూటీలో ఉండేవాళ్లు వేరు. అందుకని ఆ ఆసుపత్రిలో ఇవి కనుక్కోండి: రాత్రి ఐసీయూలో అనస్థీషియా డాక్టర్ ఉంటారా, ఇంటర్వెన్షనల్ రేడియాలజీ (స్కాన్ చూస్తూ సూదితో లోపల ట్యూబు వేసే విభాగం) ఉందా, స్టెంట్ వేయగలిగిన గ్యాస్ట్రో డాక్టర్ అక్కడే ఉన్నారా.

ఇంకొకటి. బరువు 150 దాటినవాళ్లు ఆపరేషన్ బల్ల ఎంత మోస్తుంది, సీటీ మెషీన్ ఎంత మోస్తుంది అని తప్పకుండా అడగండి. సిగ్గుపడాల్సింది లేదు. తేడా వచ్చిన రాత్రి సీటీ మెషీన్‌లో పట్టకపోతే మరో ఆసుపత్రికి అంబులెన్స్‌లో తిరగాలి.

గురక ఉన్నవాళ్లకి నిద్ర పరీక్ష చేయించకుండా మత్తు ఇస్తామంటే ఒప్పుకోవద్దు. నాకు ఆ పరీక్షలో ఊపిరి ఆగుతోందని తేలింది. మూడు వారాలు, మాస్క్‌తో గాలి పంపే సీపాప్ మెషీన్ పెట్టుకుని పడుకున్నాకే డేట్ ఇచ్చారు.

డబ్బు పెట్టలేనివాళ్లు అడుగుతారు కాబట్టి చెప్తున్నా: ఉస్మానియాలో కూడా ఈ ఆపరేషన్లు చేసిన సందర్భాలున్నాయి. ఓపీకి వెళ్లి కనుక్కోండి. వెయిటింగ్ ఉంటుంది, ఓపిక ఉండాలి.

మెట్రో పిల్లర్ల మీద, ఫోన్‌లో ఆఫర్లు కనిపిస్తున్నాయి. నమ్మొచ్చా?

డాక్టర్లు పేషెంట్ల కోసం ప్రకటనలు ఇచ్చుకోకూడదని 2002 నాటి వైద్య నీతి నిబంధనలు చెబుతున్నాయి. పేషెంట్‌ని పంపినందుకు కమిషన్ ఇవ్వడం, తీసుకోవడం కూడా అందులో నిషేధమే. 2023లో కొత్త నిబంధనలు తెచ్చి అదే నెలలో పక్కన పెట్టారు కాబట్టి పాతవే నడుస్తున్నాయి. మన చుట్టూ నడుస్తున్నది ఎలా ఉందో మీకూ తెలుసు.

నేను వెళ్లిన రెండోచోట డాక్టర్ గారి దగ్గర ఏడు నిమిషాలు, కౌన్సెలర్ దగ్గర నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. ఆ అమ్మాయి టాబ్లో "ముందు–తర్వాత" ఫొటోలు చూపించి, "ఈరోజే అడ్వాన్స్ కడితే నలభై వేలు తగ్గుతుంది మేడమ్, రేపటికి సిస్టమ్‌లో రేటు మారిపోతుంది" అంది. చీరల షాపులో ఆషాఢం డిస్కౌంట్ అడిగినట్టు నేనూ కాసేపు బేరమాడాను, అలవాటు కదా. బయటికొచ్చి లిఫ్ట్ దగ్గర నిలబడ్డాక నాకే నవ్వొచ్చింది. ఎంతకి కోస్తారో అడిగానుగానీ, ఎలా కోస్తారో అడగలేదు.

ఫొటోల్లో "తర్వాత" అన్నది ఎన్నాళ్ల తర్వాతో చూడండి. మొదటి ఏడాది అందరూ తగ్గుతారు. ఐదేళ్ల తర్వాత ఎలా ఉన్నారో చెప్పగలిగిన సర్జన్ మనకి కావాలి.

పాత పేషెంట్లతో మాట్లాడితే మంచిదా?

మంచిదే. కానీ ఆసుపత్రి ఇచ్చే నంబర్లలో బాధపడ్డవాళ్లు ఉండరు. చెకప్ రోజున ఓపీ బయట గంటసేపు కూర్చోండి. నీళ్ల సీసా మూత తీసి చిన్న చిన్న గుక్కలు వేసుకుంటున్నవాళ్లు కనిపిస్తే, వాళ్లే. పక్కన కూర్చుని "ఎన్నాళ్లయిందండీ?" అంటే చాలు, అంతా చెప్తారు.

ఖర్చు ఎంత? ఇన్సూరెన్స్ వస్తుందా?

నేను అడిగినప్పుడు మూడు చోట్లా మూడు రేట్లు చెప్పారు, పెద్దదానికీ చిన్నదానికీ మధ్య తేడా లక్షన్నర. తీరా చూస్తే తక్కువ చెప్పినచోట స్టేప్లర్ పిన్నులుండే కార్ట్రిడ్జ్‌లు "యాక్చువల్స్" కింద విడిగా ఉన్నాయి. అసలు ఖర్చంతా అక్కడే. కాబట్టి ప్యాకేజీలో కార్ట్రిడ్జ్‌లు ఎన్ని, ఏ కంపెనీవి, లీక్ అయితే అదనపు రోజుల ఖర్చు ఎవరిది, ఏడాదిపాటు డైటీషియన్ ఫీజు కలిసుందా అన్నవి కాగితం మీద రాయించుకోండి.

ఇన్సూరెన్స్ సంగతికొస్తే, ఆ కంపెనీలని అదుపు చేసే ప్రభుత్వ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఒక పద్ధతి పెట్టింది. ఆ ఆఫీసు ఉండేది కూడా మన గచ్చిబౌలి వైపే. పద్దెనిమిదేళ్లు నిండి, బీఎంఐ 40 లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. లేదా 35 ఉండి గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగడం), అదుపులో లేని షుగర్ లాంటివి ఉండాలి. వేరే మార్గాలు పనిచేయలేదని కూడా చూపించాలి. పాలసీలో వెయిటింగ్ పీరియడ్ ఎంతుందో విడిగా చూసుకోండి.

తమాషా ఏమిటంటే, డాక్టర్ల లెక్కలో 33 బీఎంఐ, షుగర్ ఉన్నవాళ్లు ఆపరేషన్‌కి అర్హులు, ఇన్సూరెన్స్ లెక్కలో కారు. "ఏం ఫర్లేదు, 35 అని రాసేద్దాం" అనే డాక్టర్లు కూడా తగులుతారు. ఉపకారం చేస్తున్నట్టే ఉంటుంది. కానీ ఫైల్లో ఒక అబద్ధం రాయగలిగినవాళ్లు, ఆపరేషన్ థియేటర్‌లో జరిగిన తేడాని ఆ ఫైల్లో నిజంగా రాస్తారా? క్లెయిమ్ తిరస్కరిస్తే నష్టపోయేది కూడా మనమే.

డైటీషియన్‌తో సర్జన్‌కి ఏం సంబంధం?

చాలా ఉంది. ఆపరేషన్ రెండు గంటల పని, తర్వాత తిండి జీవితకాలం. సర్జన్ పక్కన డైటీషియన్, అవసరమైతే మానసిక వైద్యులు లేకపోతే అది టీమ్ కాదు.

ఒక చిన్న పరీక్ష చెప్తాను. డైటీషియన్‌ని "మొదటి రెండు వారాలు ఏం తాగాలి?" అని అడగండి. ఎక్కడో అచ్చు వేసిన కాగితం చేతిలో పెట్టి బ్రాత్, స్మూతీ అంటే కష్టం. మా డైటీషియన్ అడిగిన మొదటి ప్రశ్న "మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారు?" అని. వడకట్టిన పప్పుకట్టు, కారం లేని టమాటా చారు, పల్చటి మజ్జిగ, అందులో కలిపే ప్రొటీన్ పొడి. కొలతకి దగ్గుమందు సీసా మూత. ఆ మూత 15 మిల్లీలీటర్లు. మూత నింపుకోవడం, రెండు గుక్కల్లో తాగడం, గడియారం చూడటం, మళ్లీ మూత. ఇంట్లో వాళ్లు గుత్తి వంకాయ తింటుంటే మూతతో చారు తాగిన ఆ పదిహేను రోజుల్లో నా పక్కన నిలబడింది సర్జన్ కాదు, ఆ అమ్మాయే.

రోజుకి 60 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఒక గుడ్డులో ఉండేది ఆరే. శాకాహారులకి ఇంకా కష్టం, కాబట్టి ముందే మాట్లాడుకోండి. మూడో నెలలో జుట్టు ఊడుతుందని ఆ అమ్మాయి ముందే చెప్పబట్టి, దువ్వెన చూసి ఏడవలేదు. ఏడ్చాను, కానీ భయపడలేదు. బి12, ఐరన్, కాల్షియం, డి విటమిన్ మాత్రలు వాడుతూ, ఏటా రక్తపరీక్ష చేయించుకోవాలి. పిల్లల కోసం చూస్తున్న అమ్మాయిలు ఆపరేషన్ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగాలి. ఈ మాట సర్జన్ అడక్కుండానే చెప్పాలి.

మాది జిల్లా. ఆపరేషన్ హైదరాబాద్‌లో చేయించుకుని వెళ్లిపోవచ్చా?

ఇక్కడే మొదట చెప్పిన మా చిన్నాన్న కొడుకు, మా తమ్ముడి సంగతి. వాడిది సూర్యాపేట. మూడో రోజు డిశ్చార్జ్ చేశారు, ఇంటికెళ్లాడు. తొమ్మిదో రోజు సాయంత్రం జ్వరం, ఎడమ భుజంలో నొప్పి. నాడి 124. పక్క వీధి ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ "గ్యాస్" అని ఇంజెక్షన్ ఇచ్చాడు. ఆపరేషన్ చేసిన సర్జన్ కాన్ఫరెన్స్‌కని విదేశాల్లో ఉన్నారు, ఫోన్ స్విచాఫ్. కోఆర్డినేటర్ వాట్సాప్‌లో "లిక్విడ్స్ బాగా తాగమనండి" అని మెసేజ్ పెట్టాడు. రాత్రి ఒంటిగంటకి కారు వేసుకుని బయల్దేరారు. పంతంగి టోల్ దగ్గర వాడికి చెమటలు పట్టి, కళ్లు తేలేశాడని మా పిన్ని ఇప్పటికీ చెప్తూ ఏడుస్తుంది. తెల్లారి వేరే ఆసుపత్రిలో సీటీ తీస్తే లీక్. స్టెంట్, రెండు డ్రెయిన్ ట్యూబులు, ఏడు వారాలు. బతికాడు, ఇప్పుడు బాగున్నాడు.

లీక్ ఎవరి చేతిలోనైనా అవ్వొచ్చు, దానికి నేను ఆ సర్జన్‌ని తప్పుపట్టను. తాను ఊళ్లో లేనప్పుడు ఫోన్ ఎవరెత్తాలో చెప్పి వెళ్లకపోవడం మాత్రం తప్పే.

అందుకని జిల్లాలవాళ్లు కనీసం పది రోజులు హైదరాబాద్‌లోనే ఉండేట్టు చూసుకోండి, చుట్టాలింట్లోనైనా సరే. నాడి 120 దాటినా, జ్వరం వచ్చినా, భుజం నొప్పి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా, కాలి పిక్క వాచినా ఆగకూడదు. ఆగకుండా వాంతులవుతున్నా అంతే, అందులో బి1 విటమిన్ పడిపోయి నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. సర్జన్‌ని ముందే అడగండి: "మీరు ఊళ్లో లేనప్పుడు ఎవరు చూస్తారు సార్? వాళ్ల నంబర్ ఇవ్వండి." నేను ఆ నంబర్ తీసుకుని, డిశ్చార్జ్ కాకముందే ఒక రాత్రి పదకొండింటికి చేసి చూశాను. ఎత్తారు. అనవసరంగా చేశానని కొంచెం విసుక్కున్నారు కూడా. విసుక్కుంటే విసుక్కున్నారు.

జిల్లాలకి ఆదివారం క్యాంపు పెట్టి, అక్కడి చిన్న ఆసుపత్రిలోనే ఆపరేషన్ చేసి రాత్రికి వెళ్లిపోయేవాళ్ల దగ్గర మాత్రం చేయించుకోవద్దు.

సెకండ్ ఒపీనియన్‌కి వెళ్తే మొదటి డాక్టర్‌కి కోపం రాదా?

వస్తే రానివ్వండి. మీ రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని నిబంధనే ఉంది. ఎండోస్కోపీ, స్కానింగ్ మళ్లీ చేయించే పని తప్పుతుంది.

ఇప్పుడు ఇంజెక్షన్లు వచ్చాయి కదా, ఇంకా సర్జన్ ఎందుకు?

బరువు తగ్గించే ఇంజెక్షన్లు మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. పనిచేస్తాయి. కానీ ఆపేస్తే చాలామందికి బరువు తిరిగి వస్తుంది, నెలనెలా ఖర్చు. బీఎంఐ మరీ ఎక్కువున్నవాళ్లకి ఆపరేషన్‌తో తగ్గేదే ఎక్కువ. కొందరు సర్జన్లు ముందు ఇంజెక్షన్‌తో కొంత తగ్గించి తర్వాత ఆపరేషన్ చేస్తున్నారు. ఇంజెక్షన్ పేరు ఎత్తగానే చిరాకుపడే సర్జన్ అయినా, ఆపరేషన్ పేరు ఎత్తగానే భయపెట్టే ఫిజిషియన్ అయినా తన సరుకే అమ్ముతున్నట్టు.

డాక్టర్ "ఇప్పుడే వద్దు" అన్నారు. వేరే ఆయన రేపే చేస్తానంటున్నారు. ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ఎందుకు వద్దన్నారో చూడండి. షుగర్ అదుపులో లేదనో, సిగరెట్ మానమనో, కాలేయం మీద కొవ్వు తగ్గడానికి రెండు వారాలు తక్కువ కేలరీల తిండి తినమనో అయితే ఆయన దగ్గరే ఉండండి. కొవ్వు పట్టిన కాలేయం జీర్ణాశయం మీద మూతలా పడి ఉంటుంది, కెమెరాకి దారివ్వదు. రేపే చేస్తానన్న ఆయనకి ఆ కాలేయం ఎలా కనిపించిందో అడగండి. స్కానింగ్ చూశారో లేదో అక్కడే తేలుతుంది.

ఇదంతా సరే అక్కా, మీ సర్జన్ పేరు చెప్పండి.

చెప్పను. నాకు ఛాతీలో మంట లేదు, పదేళ్ల షుగర్ లేదు, మా ఇంటి నుంచి ఆసుపత్రి ఇరవై నిమిషాలు. మీకు ఇవన్నీ వేరు కావచ్చు. పేరు చెప్తే పై ప్రశ్నలేవీ అడక్కుండా నేరుగా అడ్వాన్స్ కట్టేస్తారు. ఒకావిడ అలాగే చేసింది. ఇద్దరు ముగ్గురిని కలిసొచ్చి, వాళ్లు చెప్పిన జవాబులు రాసుకుని ఫోన్ చేయండి. సాయంత్రం స్కూల్ వదిలాక ఖాళీగానే ఉంటాను.